బోడగుట్ట మీద రెండో మనిషి

ఒక్క తూటా కూడా పేల్చకుండా, చేతిలో ఒక ఎర్రగుడ్డ తప్ప మరే ఆయుధం లేకుండా, నిండు బస్సునూ, రాతి క్వారీనీ, ఒక సర్కారు ఆఫీసరునూ ఒకేసారి బండల చాటుకు తరిమిన మొనగాణ్ని మీరు ఎక్కడైనా చూశారా? చూడలేదంటే మీ తప్పేం లేదు. అలాంటివాడు మా జిల్లాల్లో ఒక్కడే పుట్టాడు, వాడే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాడు. ఎలా జరిగిందో మొత్తం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఆ రోజుల్లో నన్ను చూసి నవ్వడానికైనా సరే, ఒక మనిషి దగ్గరికొస్తే చాలనుకునేవాణ్ని.

నల్లగొండలో చదువు ముగించి, కల్వకుర్తి అవతల రోడ్డు వెడల్పు చేసే పనిలో గుమాస్తాగా చేరాను. రోడ్డుకు కావలసిన కంకర పక్కనే ఉన్న క్వారీలోంచి వచ్చేది. బండకు రంధ్రాలు తొలిచి, మందు దట్టించి, తూటాలు పేల్చేవారు. నేను చేరిన కొత్తలోనే ఒక రాయి ఎగిరొచ్చి ఒక కూలి మనిషి భుజం విరగ్గొట్టింది. దాంతో పైనుంచి తాఖీదు వచ్చింది: ఇక్కడ జరిగే ప్రతి పనీ ఒంటికి ఎంత భారమో, మనసుకు ఎంత భారమో తేల్చండి, ఏ పనికి ఎలాంటి మనిషి, ఎంతమంది కావాలో నిర్ణయించండి, త్వరలో లేబర్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడు అని.

మా ఓవర్సీరు నర్సింగరావు సాబ్ ఆ తాఖీదును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, నువ్వు చదువుకున్నోనివి గదా. జర గీ పనులన్నిటిని తూకమేసి చెప్పు."

"శరీరశ్రమ సరే సార్. మానసిక శ్రమను ఎలా తూచాలి?"

"గది తెలిస్తె నేనే తూస్తుంటి గదా? పో, చూసుకో."

తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నాకు డోలు కాదు, ఏకంగా ఒక శాస్త్రాన్నే మెడకు తగిలించారు. నేను దాన్ని సంబరంగా మోశాను. గొర్రెల సంతలో వాడే కొక్కెం త్రాసు ఒకటి సంపాదించి, తట్టలు తూచాను, సుత్తెలు తూచాను, గుణపాలు తూచాను. మనుషులు వంగితే వెనక నిలబడి చూశాను, లేస్తే ముందుకొచ్చి చూశాను. నన్ను చూడగానే ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకునేవారు.

"అగో, తూకం సారొస్తుండు. నిన్న తట్టలను తూచిండు, ఇయ్యాల మనల్ని తూస్తడేమో!"

కంకర కొట్టే ఒకామె ముందు గొంతుక్కూర్చుని, పుస్తకంలో భాషంతా కూడదీసుకుని అడిగాను. "అమ్మా, ఈ పనిలో నీ మనసుకు భారంగా ఉంటుందా?"

"ఉంటది సారూ."

"ఎప్పటి నుంచి?"

"నువ్వొచ్చి నెత్తి మీద కూసున్న కాడి సంది."

క్వారీ అంతా గొల్లుమంది. నేను మాత్రం గంభీరంగా లేచి, గుడ్డలు దులుపుకుని, పక్క పనికి వెళ్లాను. ఆఫీసరు కాబోయేవాడు కూలివాళ్లతో కలిసి నవ్వకూడదని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకం ఫలితం ఏమిటంటే, నేను వెళ్లిన చోటల్లా మాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం అందరూ గుంపుగా కూర్చుని సద్దులు విప్పుకునేవాళ్లు, నేను వేరే చెట్టు చూసుకునేవాణ్ని. సాయంత్రం కల్వకుర్తిలో పల్లీల వ్యాపారి కొట్టు వెనక ఉన్న నా కిరాయి గదికి చేరితే, తాళం తీసిన చప్పుడే నాతో ఎవరో మాట్లాడినట్టుండేది. ఒంటికాయ శొంఠికొమ్ములా పడుకుని, ఇది ఒంటరితనం కాదు, హోదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. నిజానికి ఏడుపొచ్చేది.

ఇక అసలు కథ బోడగుట్ట దగ్గర మొదలవుతుంది. క్వారీకీ రోడ్డుకూ మధ్య పచ్చగడ్డి కూడా మొలవని గుట్ట అది. దాని మీద ఎర్రజెండా మనుషులు ఇద్దరుండేవారు. తూటాలు పేల్చే వేళకు మందు మేస్త్రీ కింద నుంచి కొమ్ము ఊదుతాడు. వెంటనే గుట్ట మీద ఎర్రజెండా లేస్తుంది. రోడ్డు మీది బండ్లు, బస్సులు ఆగిపోతాయి, క్వారీలో ఉన్నవాళ్లు బండల చాటుకు ఉరుకుతారు. భుజం విరిగిన నాటి నుంచి అక్కడ ఒకటే ఖాయిదా. జెండా లేస్తే ఎందుకని అడగొద్దు, ఉరుకు. సుత్తెల మోతలో కొమ్ము వినబడినా వినబడకపోయినా, జెండా కనబడితే చాలు.

ఆ ఇద్దరి పేర్లు మల్లయ్య, బీరయ్య. బీరయ్య మల్లయ్యకు బావ, అక్క మొగుడు. ఇద్దరూ ఒకప్పుడు గొర్లు కాచినవాళ్లే. రోగమొచ్చి బీరయ్య మంద మొత్తం పోయింది, తర్వాత ఒక కాలు కుంటిదైంది. తట్ట మోయలేడు, సుత్తె ఎత్తలేడు. ఈ జెండా పని ఒక్కటే అతనికి ఆధారం.

నేను తూకానికి గుట్ట ఎక్కేసరికి బావా బామ్మర్దులు ఒకే బండ మీద, వీపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. ఒకరు తూర్పు చూస్తున్నారు, ఒకరు పడమర. చాలాసేపు నిలబడ్డాను. ఒక్క మాట లేదు.

"మీరిద్దరూ మాట్లాడుకోరా?" అని అడిగాను.

"గాయినతోనా? నేను మాట్లాడ," అన్నాడు బీరయ్య. "నా కొత్త గొంగడి అడుక్కపోయి, సుట్టతోని బొక్క పెట్టి తెచ్చిండు."

"నేను తీస్కపోయినప్పుడే బొక్క ఉండె అని చెప్పు సారూ గాయినకు," అన్నాడు మల్లయ్య అటు తిరిగే.

"ఎప్పటి మాట ఇది?"

"నా పెద్ద బిడ్డ పుట్టకముందుది," అన్నాడు మల్లయ్య. ఆ పెద్ద బిడ్డకు అప్పటికే పెళ్లయింది.

నా శాస్త్రజ్ఞానం ఉప్పొంగింది. జెండా ఒకటి. అది ఎత్తడానికి చేయి ఒకటి చాలు. ఈ ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకోరు సరికదా, పలకరించుకోరు కూడా. మాటలు లేని మనిషి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా? ఒంటికి భారం లేదు, మనసుకు భారం లేదు. సులువు, మధ్యరకం, కష్టం అని నాకు మూడు తరగతులుండేవి. ఈ పని కోసం ప్రత్యేకంగా "అతి సులువు" అని నాలుగో తరగతి కనిపెట్టి, ఒక్క మనిషి చాలునని ఓవర్సీరుకు చెప్పాను.

"మొదటి సంది ఇద్దరే ఉంటుండ్రి గదయ్యా," అన్నాడాయన కాస్త అనుమానంగా.

"శాస్త్రం ప్రకారం ఒక్కరే సార్."

శాస్త్రం అనేసరికి ఆయన సరేననేశాడు. మర్నాటి నుంచి బీరయ్య ఇంట్లో కూర్చున్నాడు.

రెండు రోజులకు బీరయ్య భార్య ఎల్లమ్మ నా గది ముందుకొచ్చి నిలబడింది. ఆ ఊళ్లో నా గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఎంత సంతోషపడ్డానంటే, తిట్టడానికి వచ్చిందని తెలిశాక కూడా లోపలికి రమ్మన్నాను.

"నేను కూసునేటందుకు రాలే. మా ఆయిన ఏం తప్పు జేసిండు చెప్పు. గాడ గుట్ట మీద మనిషి నిమ్మలంగ ఉంటుండె. ఇప్పుడు ఇంట్ల కూసుండి గోడలను తిడుతుండు. కుంటి కాలేసుకొని ఇంకే పనికి పోతడు?"

"నీ మొగుడు చేసే పనేమీ అక్కడ లేదమ్మా. లెక్క చూశాను."

"నువ్వు సల్లగుండ, ఒక్క దినం గాడ కూసుండి చూసినవా లెక్క?" అని వెళ్లిపోయింది. తలుపు వేసుకున్నాక చాలాసేపు ఆ మాట గదిలోనే తిరిగింది. ఇంకో మాట ఏదీ లేదు కాబట్టి తిరగడానికి దానికి బోలెడంత జాగా దొరికింది.

ఆ వారం తిరక్కముందే మల్లయ్య కడుపునొప్పి అని పనికి రావడం మానేశాడు. వేరే ఎవర్నైనా పంపమంటే ఒక్కరూ కదల్లేదు. "గుట్ట మీద ఒక్కనివా? సుత్తె కొడత గని గాడికి పోను" అన్నారు బండలు పగలగొట్టే మగవాళ్లే. జెండా మనిషి లేనిదే తూటా పేల్చకూడదు, తూటా పేల్చనిదే కంకర లేదు. ఓవర్సీరు నా వంక చూశాడు. ఆ చూపులోనే నాకు గుట్ట కనబడింది.

"పని అతి సులువు అంటివి గదా?"

"అంటిని సార్."

"ఒక్క మనిషి చాలు అంటివి గదా?"

"అంటిని..."

"గా ఒక్క మనిషివి నువ్వే. పో."

నవ్వకండి. మొదటి రోజు నాకు పండగలా ఉంది. అటు రోడ్డు, ఇటు క్వారీ, పైన ఆకాశం, నడుమ సింహాసనం లాంటి బండ, చేతిలో జెండా. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి కొమ్ము ఊదితే జెండా ఎత్తాలి. మిగతా సమయమంతా నాదే. ఆ సమయం నాదని తెలిశాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

రెండో రోజు కింద తట్టలు మోసేవాళ్ల నవ్వులు గాలికి పైకొచ్చాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ఏమై ఉంటుందని ఊహించుకుని, నేనూ ఒక్కణ్నే ఆలస్యంగా నవ్వాను. ఆ నవ్వుకు నాకే భయం వేసింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. అంతా అబద్ధం. కూర్చుని చూస్తే కొండ ఇసుమంతైనా కరగదు, మనిషే కరుగుతాడు.

ఆ తర్వాత నాకు తొండతో స్నేహం కలిసింది. మల్లయ్యా బీరయ్యా కూర్చునే బండ కిందే అది కాపురముండేది. నేను ఏమన్నా తల ఊపేది. "ఎండ ఎక్కువైంది గదా?" తల ఊపింది. "ఓవర్సీరుకు బుద్ధి లేదు గదా?" తల ఊపింది. "నేను చేసింది కరెక్టే గదా?" తల ఊపడం మానేసి బండ కిందికి పోయింది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు, నా తొండ మాత్రం ముదిరి ఎల్లమ్మ అయింది. దాన్ని బతిమాలుతూ బండ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అప్పుడు తట్టింది నాకు, ఈ గుట్ట మీద వీపుకు ఆనడానికి నాకు ఇంకో వీపు లేదని.

ఘనకార్యం జరిగిన నాటి పొద్దున కూడా అలాగే కూర్చున్నాను. నాతో నిజంగా మాట్లాడే మనిషి కోసం లోపల ఏదో లాగేస్తోంది. అంతలో కల్వకుర్తి వైపు నుంచి బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. కిటికీల నిండా మొహాలు. తూటా వేళ ఇంకా కాలేదు, కొమ్ము ఊదలేదు. అయినా నా చేయి లేచింది. చేతిలో జెండా ఉన్న సంగతి చేతికి గుర్తుంది, నాకు లేదు.

బస్సు కిర్రుమని ఆగింది. నేను గుట్ట దిగి పరుగెత్తాను. దిగేముందు జెండాను బండ సందులో గుచ్చి వచ్చాను, అది చక్కగా రెపరెపలాడుతూనే ఉంది.

"ఎంతసేపు పడ్తది సారూ?" అన్నాడు కండక్టర్.

"జర ఆగుండ్రి. అందరు దిగి బండల చాటుకు రాండ్రి, పైలం," అన్నాను. నోట్లోంచి పుస్తకభాష ఎగిరిపోయి మా ఊరి మాట వచ్చేసింది.

అందరూ దిగారు. కోడిపెట్టను చంకలో పెట్టుకున్న ఒక అవ్వను చెయ్యి పట్టి దింపాను. బండ నీడలో వాళ్ల నడుమ కూర్చున్నాను. ఆహా, ఆ కాసేపు ఎంత బాగుందనుకున్నారు! ఒక్కొక్కరిని పలకరించాను.

"అవ్వా, ఎక్కడికి పోతున్నవ్?"

"అచ్చంపేటకు బిడ్డా, మనుమరాలు నీళ్లాడింది, పిల్లగాడు పుట్టిండు. నీకు లగ్గమైందా?"

"కాలే అవ్వా."

"అయ్యో, గందుకే గింత సన్నగున్నవ్," అని మూటలోంచి ఒక సర్వపిండి ముక్క విరిచి చేతిలో పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్ల అనుకుంది అవ్వ.

ఒక పక్కగా ఖద్దరు చొక్కా వేసుకున్న నడివయసు మనిషి పేపరుతో విసురుకుంటూ కూర్చున్నాడు. మంచి మొహం, నెమ్మదైన కళ్లు. అలాంటి మొహం చూస్తే చాలు, మనసులో ఉన్నదంతా కుమ్మరించాలనిపిస్తుంది. కుమ్మరించాను. గది గురించి, త్రాసు గురించి, నాలుగో తరగతి గురించి, తొండ గురించి. ఆయన ఊ కొడుతూ విన్నాడు. నా బతుకులో అంత బాగా ఊ కొట్టినవాళ్లు లేరు.

"ఇంతకు తూటా ఎప్పుడు పేలుతది?" అన్నాడు చివరికి.

నేను అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరికి వంగాను. "మీరు మంచోళ్ల లెక్క కనవడుతున్నరు గబట్టి చెప్తున్న. ఎవరికి చెప్పకుండ్రి. తూటా గిట్ల ఏం లేదు. మాట్లాడేటందుకు ఎవ్వరు లేక బస్సు ఆపిన."

ఆయన విసురుకోవడం ఆపేశాడు.

ఈలోగా క్వారీలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. జెండా చూసి, ఖాయిదా ప్రకారం అందరూ ఎక్కడి తట్టలు అక్కడ పడేసి ఉరికారు. మందు మేస్త్రీ, కొమ్ము తన చంకలోనే ఉన్నా సరే, అతనూ ఉరికి ఒక బండ వెనక దాక్కున్నాడు. అక్కడ ముందే దాక్కున్న అతని జతగాడు అడిగాడట, "మందు నువ్వు పెట్టినవా?" అని. "నేను పెట్టలే, నువ్వు పెట్టినవనుకున్న." "నేను పెట్టలే!" పెట్టనివాళ్లు ఇద్దరే అయితే మూడోవాడు ఎవడో పెట్టి ఉంటాడని ఇద్దరూ ఇంకా దూరం ఉరికారు. పేలని తూటా కన్నా భయపెట్టేది లేదు. ఓవర్సీరు సాబ్ ఎడ్లబండి కింద బోర్లా పడుకుని దేవుళ్లందరికీ మొక్కాడట. ఎంతకీ పేలకపోయేసరికి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, గుట్ట చుట్టూ తిరిగి రోడ్డు మీదికొచ్చాడు.

వచ్చేసరికి నేను నోటి నిండా సర్వపిండితో, అవ్వ కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవ్ రా గీడ? జెండా ఎందుకు లేపినవ్?" అని అరిచి, నా పక్కనున్న మనిషిని చూసి నిలువునా బిగుసుకుపోయాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి. "నమస్తే సార్. మీరు... జీపుల వస్తరనుకున్నం సార్."

"జీపు చెడిపోయింది," అన్నాడు లేబర్ ఆఫీసరు. "బస్సుల వచ్చిన."

సర్వపిండి గొంతులో అడ్డం పడింది. కోడిపెట్ట నా ఒళ్లోంచి లేచి అవ్వ దగ్గరికి వెళ్లిపోయింది. కష్టకాలంలో నా అనేవాళ్లు ఎవరూ నిలబడరని ఊరికే అన్నారా?

ఆఫీసరు బస్సును పంపించేశాడు. బస్సు వెనక దుమ్ము సర్దుకునేవరకూ ఆగి, నన్ను గుట్ట మీదికి తీసుకెళ్లి, ఆ బండ మీద కూర్చోబెట్టాడు. ఓవర్సీరు ఆయాసపడుతూ వెనకే ఎక్కాడు.

"జెండా పనికి ఏం తరగతి పెట్టినవ్?"

"అతి సులువు సార్."

"ఇప్పుడు ఏమంటవ్?"

ఏడ్చేశాను. అంత వయసొచ్చి, ఓవర్సీరు ముందు, తొండ చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను. "ఒక్కనితోని కాదు సార్. ఇయ్యాల బస్సు ఆపిన, రేపు నిజంగ కొమ్ము ఊదినప్పుడు గిట్లనే ఎవరితోనో మాట్లాడుకుంట జెండా మరిచిపోతే మనుషులు చస్తరు. నన్ను తీసేయుండ్రి. బీరయ్యను మాత్రం మళ్ల తేండ్రి సార్."

"మంచిది. గని పైవాళ్లు అడుగుతరు గదా, రెండో మనిషి చేసే పనేందని. బీరయ్య జెండా ఎత్తడు, మల్లయ్యతోని మాట్లాడడు. ఏం రాయమంటవ్?"

ఆలోచించాను. త్రాసుకు అందని పని, నేను ఎన్ని తట్టలు తూచినా తేలని పని.

"ఉండుడు, సార్," అన్నాను. "ఆయన పని గాడ ఉండుడు."

ఆయన ఊ కొట్టాడు. పొద్దున కొట్టిన ఊ కన్నా ఇది కొంచెం పొడుగ్గా ఉంది.

నన్ను తీసేయలేదు. త్రాసు మాత్రం లాక్కున్నారు. మర్నాడే బీరయ్య కుంటుకుంటూ గుట్ట ఎక్కాడు. ఆ సంగతి చెవిన పడగానే మల్లయ్య కడుపునొప్పి మాయమైంది. నేను పైకి వెళ్లేసరికి ఇద్దరూ వీపుకు వీపు ఆనించి, ఒకరు తూర్పు, ఒకరు పడమర చూస్తున్నారు.

"తప్పైంది బీరయ్యా," అన్నాను.

"నాకెందుకు చెప్తవ్ సారూ? నేను మళ్ల వచ్చిన అని గాయినకు చెప్పు."

"వచ్చిండని నాకు ఎరుకే అని చెప్పు," అన్నాడు మల్లయ్య. మళ్లీ అటే చూస్తూ, "పైలంగ ఎక్కిండా, కాలు నొచ్చిందా అడుగు సారూ," అన్నాడు.

అడిగాను. నొవ్వలేదన్నాడు. ఆ మాట ఇటు చెప్పాను. అప్పటి నుంచి సెలవు రోజుల్లో నేను గుట్ట ఎక్కి వాళ్ల పక్కన కూర్చునేవాణ్ని. గొంగడి బొక్క గురించి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోసేవాణ్ని. ఎంత మోసినా నా మనసుకు భారమనిపించలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, బోడగుట్ట సాక్షిగా, దాని కింద కాపురమున్న తొండ సాక్షిగా ఘనంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరి పనినీ చూసి "ఊరికే కూర్చున్నాడు" అనను, బస్సు ఆపడానికి ఎర్రగుడ్డ ఎత్తను. ఇవాళ్టిదాకా మాట తప్పలేదు. మా ఊరి మూల మీద నిలబడి తెల్ల తువ్వాలే ఊపుతాను. ఒక్క బస్సూ ఆగదు. పక్కన ఇంకో మనిషి నిలబడి ఉంటే మాత్రం నాకేం ఫికర్ లేదు, ఆయన నాతో మాట్లాడకపోయినా సరే.